జీడి చేతులు: డొంకూరు నుండి పలాస వరకు వృత్తి చర్మవ్యాధి, దైనందిన సంరక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో చేపలవేట, ఉప్పు తయారీ, జీడి పరిశ్రమ ముఖ్యమైన చేతిపనులు. ఈ మూడూ చేతి చర్మాన్ని దీర్ఘకాలం బాధించేవే. జీడిపిక్క పెంకులోని సొన వలన కలిగే ఎగ్జిమా వీటిలో ప్రత్యేకమైనది. ఈ వ్యాధి చరిత్ర వైద్యశాలల దస్తావేజుల కన్నా భాషలోను, పనిచేసే పద్ధతుల్లోను, ఇంట్లో చేసుకునే సంరక్షణలోను ఎక్కువగా మిగిలి ఉంది. బూడిద, నూనె, గుడ్డ అనే మూడు సాధనాలను చారిత్రక ఆధారాలుగా చదివి, చర్మాన్ని కాపాడే భారం పనిస్థలం నుండి ఇంటికి ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, డొంకూరు, పలాస, జీడి పరిశ్రమ, ఎగ్జిమా, వృత్తి వ్యాధులు, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం

డొంకూరు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు చేరువలో ఉన్న మత్స్యకార గ్రామం. అక్కడి నుండి దక్షిణంగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మీదుగా పలాస వైపు సాగే ఇసుకనేలల ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని ప్రసిద్ధి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఆ పేరును సార్థకం చేశాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తరువాత విశాఖపట్టణం జిల్లాలోను, 1950 నుండి శ్రీకాకుళం జిల్లాలోను భాగమైంది. ఒకే తీరం మూడు జిల్లాల పాలన కిందికి వచ్చింది గనుక దాని సామాజిక చరిత్రకు ఆధారాలు ఒకచోట దొరకవు.

వ్యాధుల చరిత్రలో ఉద్దానం పేరు వినగానే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి గుర్తుకు వస్తుంది. ప్రాణాలు తీసే ఆ వ్యాధి పరిశోధకుల దృష్టిని ఆకర్షించడం సహజం. ప్రాణం తీయకుండా, పని మాన్పించకుండా, ఏళ్ల తరబడి చేతులను పగలగొడుతూ ఉండే వ్యాధికి అంతటి గుర్తింపు రాలేదు. దురద, మంట, పొక్కులు, రసికారడం, చర్మం మందమై బీటలువారడం ఎగ్జిమా లక్షణాలు. అది తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ఇటువంటి వ్యాధికి పుట్టుక, ముగింపు అనే రెండు కొసలు ఉండవు. రోజువారీ నిర్వహణ మాత్రమే ఉంటుంది. ఆ నిర్వహణకు చరిత్ర ఉందా అనేదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. పేరులో దాగిన అనుభవం

జీడిమామిడి ఈ దేశపు చెట్టు కాదు. ఈశాన్య బ్రెజిల్ దాని పుట్టినిల్లు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని భారత పశ్చిమతీరానికి తెచ్చారు. ఇసుకనేలలో నిలిచే శక్తి వలన అది కాలక్రమంలో తూర్పుతీరానికీ విస్తరించింది. కొత్తగా వచ్చిన చెట్టుకు తెలుగువారు పెట్టిన పేరు గమనార్హం. పండు ఆకారాన్ని బట్టి ‘ముంతమామిడి’ అన్నారు. గింజ స్వభావాన్ని బట్టి ‘జీడిమామిడి’ అన్నారు. రెండో పేరులోని ‘జీడి’ అంతకుముందే తెలుగుదేశంలో ఉన్న నల్లజీడి. దీనినే సంస్కృతంలో భల్లాతకం అంటారు. చాకలివారు బట్టలకు గుర్తుపెట్టడానికి నల్లజీడి రసాన్ని వాడేవారు. ఆ మరక ఉతికినా పోదు. అదే రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది.

నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే వృక్షకుటుంబానికి చెందినవని ఆధునిక వృక్షశాస్త్రం చెబుతుంది. అమెరికాలోని ‘పాయిజన్ ఐవీ’ తీగ, తూర్పు ఆసియాలోని లక్క చెట్టు కూడా ఆ కుటుంబానివే. వీటి సొనలలోని రసాయనాలకు దగ్గరి పోలిక ఉంది. ఒకదానికి ప్రతిస్పందించే చర్మం మరొకదానికీ ప్రతిస్పందించడం అందువల్లనే. రసాయన విశ్లేషణ రాకముందే తెలుగు భాష ఈ చుట్టరికాన్ని పేరులో నమోదు చేసింది. ‘జీడి’ అనే మాటను పరదేశపు గింజకు అంటించినవారు దాని రుచిని కాక, చేతికి తగిలిన మంటను గుర్తుపెట్టుకున్నారని భావించవచ్చు.

వైద్యగ్రంథాల సాక్ష్యమూ ఇక్కడ పనికివస్తుంది. చరకసంహిత భల్లాతకాన్ని తీక్ష్ణమైనదిగా, నిప్పువంటిదిగా వర్ణిస్తూనే, జాగ్రత్తగా వాడితే రసాయన ఔషధంగా పనిచేస్తుందని చెబుతుంది. దానిని సేవించేముందు నోటికి నెయ్యి పూసుకోవాలన్న నియమం కూడా అందులో ఉంది. సొనకూ చర్మానికీ మధ్య జిడ్డుపొరను అడ్డం పెట్టాలన్న ఆలోచన ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. చరకుడు చర్మవ్యాధులన్నిటినీ ‘కుష్ఠం’ అనే శీర్షిక కింద 18 రకాలుగా విభజించాడు. దురద, పొక్కులు, స్రావం గల ‘విచర్చిక’, అరచేతులు అరికాళ్లు పగిలి తీవ్రంగా నొప్పిపెట్టే ‘వైపాదికం’ వాటిలోనివే. నేటి చేతుల ఎగ్జిమాకు ఈ రెండు వర్ణనలూ దగ్గరగా ఉన్నాయి.

అయితే తరువాతి కాలంలో ‘కుష్ఠు’ అనే మాట ఒక్క వ్యాధికే పరిమితమైంది. దానితోపాటు వెలివేత భయమూ స్థిరపడింది. ‘తామర’ అనే మాట ఇందుకు విరుద్ధంగా వ్యాపించింది. శిలీంధ్రం వలన వచ్చే అంటువ్యాధి తామర. అంటువ్యాధి కాని ఎగ్జిమాను కూడా వ్యవహారంలో అదే పేరుతో పిలుస్తున్నారు. ఈ రెండు మాటల గందరగోళం రోగి జీవితంలో నిజమైన నష్టం కలిగిస్తుంది. మొదటిది దాచుకొనేలా చేస్తుంది. రెండోది తప్పు మందు వాడేలా చేస్తుంది.

3. ఉప్పు, వల, తడి

తీరప్రాంతపు చేతులన్నిటినీ ఒకే వ్యాధి కింద లెక్కించడం సరికాదు. చర్మవైద్యం స్పర్శ వలన కలిగే ఎగ్జిమాను రెండుగా విభజిస్తుంది. ఒకటి రాపిడి, తడి, ఉప్పు, క్షారం వంటివి చర్మపు రక్షణపొరను క్రమంగా అరగదీయడం వలన కలిగేది. ఇది ఎవరికైనా రావచ్చు. రెండవది ఒక పదార్థాన్ని శరీరపు రక్షణవ్యవస్థ శత్రువుగా గుర్తించడం వలన కలిగే అలర్జీ. ఒకసారి ఈ గుర్తింపు ఏర్పడితే సాధారణంగా అది దీర్ఘకాలం నిలుస్తుంది.

డొంకూరు వంటి గ్రామాల పని మొదటి కోవకు చెందుతుంది. తాడు లాగడం, ఉప్పునీటిలో నానిన వలను విదిలించడం, చేపలను ఏరడం, ఉప్పుపట్టి ఎండబెట్టడం అన్నీ తడి చేతుల పనులే. పొలుసు గుచ్చుకొన్న చిన్న గాటులో ఉప్పు దిగుతుంది. చర్మం నానడం, ఎండడం, మళ్లీ నానడం అనే చక్రం దానిలోని సహజమైన జిడ్డును తొలగిస్తుంది. టెక్కలికి సమీపంలోని నౌపడ ఉప్పు మడులలో పనిచేసేవారిదీ ఇదే స్థితి. వారి విషయంలో చేతులతోపాటు పాదాలూ ఉప్పునీటికి గురవుతాయి.

ఈ పనులలో బాధ ఉన్నా విరామమూ ఉంది. తుపాను రోజుల్లో పడవ కదలదు. వానాకాలంలో ఉప్పు మడి పనిచేయదు. ఆ విరామంలో చర్మం కొంత కోలుకుంటుంది. జీడి బట్టీలో పని స్వరూపం వేరు. పిక్కలు నిల్వ ఉన్నంతకాలం పని సాగుతుంది. స్థానిక దిగుబడి చాలనప్పుడు ఆఫ్రికా దేశాల నుండి పిక్కలు దిగుమతి కావడంతో పంటకాలానికీ పనికాలానికీ సంబంధం తెగింది. చర్మానికి ఋతువు ఇచ్చిన సెలవును పరిశ్రమ రద్దుచేసిందని చెప్పవచ్చు.

4. పలాస బట్టీలు

పలాస-కాశీబుగ్గ జంటపట్టణాలు 20వ శతాబ్ది మధ్యకాలం నుండి జీడిపప్పు తయారీకి కేంద్రాలయ్యాయి. చుట్టూ ఉన్న తోటలు, హౌరా-మద్రాసు రైలుమార్గంపై ఉన్న పలాస స్టేషను, తక్కువ కూలికి దొరికే శ్రమ ఇందుకు దోహదం చేశాయి. కేరళలోని కొల్లంలో వలెనే ఇక్కడా పరిశ్రమ ప్రధానంగా స్త్రీల చేతుల మీద నిలిచింది.

పిక్కను ఎండబెట్టడం, కాల్చడం లేదా ఆవిరిలో ఉడికించడం, పెంకు పగలగొట్టడం, పప్పు వేరుచేయడం, ఆరబెట్టి పైపొట్టు ఒలవడం, రకాలుగా ఏరడం అనేవి తయారీలోని దశలు. పెంకు లోపలి పొర తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. ఆ గదుల్లో చిక్కని సొన నిండి ఉంటుంది. జర్మన్ రసాయనవేత్త స్టేడెలర్ 1847లో దీని నుండి అనకార్డిక్ ఆమ్లాన్ని, కార్డాల్‌ను వేరుచేశాడు. వేడి తగిలినప్పుడు అనకార్డిక్ ఆమ్లం కార్డనాల్‌గా మారుతుంది. కాల్చినంత మాత్రాన సొన గుణం పూర్తిగా పోదు. ఈ సొన వ్యర్థమూ కాదు. బ్రేకు లైనింగులు, రంగులు, రెజిన్ల తయారీలో దానికి మంచి గిరాకీ ఉంది. చేతిని కాల్చే ద్రవం సంతలో సరుకుగా కూడా చలామణి అవుతోంది.

పప్పు ధర దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. ‘డబ్ల్యూ 320’ అంటే ఒక పౌనుకు 300 నుండి 320 వరకు తూగే నిండు గుండ్లు. గుండు బద్దగా విడితే ధర తగ్గుతుంది. ముక్కయితే మరింత తగ్గుతుంది. పప్పు విరగకుండా పెంకు నుండి తీయడానికి వేలికొసల స్పర్శ కావాలి. మందపాటి చేతితొడుగు ఆ స్పర్శను అడ్డుకుంటుంది. చేసిన పని తూకాన్ని బట్టి కూలి లెక్కించేచోట వేగం తగ్గడమంటే కూలి తగ్గడమే. తొడుగులో పట్టే చెమట మరో ఇబ్బంది. పనివారు తొడుగులు వేసుకోకపోవడాన్ని అజ్ఞానంగా చిత్రించడం తేలిక. కాని అది కూలి లెక్క తెలిసినవారి నిర్ణయమని ఈ వివరాలు సూచిస్తున్నాయి.

5. బూడిద, నూనె, గుడ్డ

జీడి పనివారి సంరక్షణ పద్ధతులు మూడు సాధనాల చుట్టూ తిరుగుతాయి. పిక్క కొట్టేముందు చేతులకు ఆముదం వంటి నూనె రాయడం మొదటిది. వేళ్లకు కట్టె బూడిద అద్దుకొని సొనను పీల్చుకొనేలా చేయడం రెండవది. వేళ్లకు పాతగుడ్డ పేలికలు చుట్టుకోవడం మూడవది. ఈ పద్ధతులు ఉద్దానానికి మాత్రమే చెందినవి కావు. దేశంలోని ఇతర జీడి కేంద్రాల్లోనూ ఉన్నాయి. ఏ శాఖా నేర్పకుండా, పక్కన కూర్చున్నవారిని చూసి నేర్చుకొన్న విజ్ఞానం ఇది.

ఈ విజ్ఞానాన్ని కీర్తించి వదిలేయడం చరిత్ర రచన కాదు. నూనె సొనకు అడ్డుపొరగా నిలిచి, పని ముగిశాక కడుక్కోవడాన్ని సులభం చేస్తుంది. ఉద్దానంలో విరివిగా దొరికే కొబ్బరినూనె రాత్రిపూట రాసుకుంటే పొడిచర్మానికి ఉపశమనం ఇస్తుంది. బూడిద సంగతి క్లిష్టమైనది. అది సొనను పీలుస్తుంది. కాని తడి తగిలితే క్షారంగా మారి చర్మపు జిడ్డును హరిస్తుంది. అలర్జీని ఆపడానికి వాడిన వస్తువే పొర అరిగిపోయే మొదటి రకం ఎగ్జిమాకు దారితీయవచ్చు. సొన నానిన గుడ్డ కూడా అంతే. మార్చకపోతే రక్షణకు బదులు విషపు పట్టీ అవుతుంది. సొన మరకలు వదలడానికి ఘాటైన సబ్బుతో రుద్దడం మూడో దెబ్బ.

పని ముగిసిన తరువాత అదే చేయి అంట్లు తోమాలి, కారం కలపాలి, చింతపండు పిసకాలి, బట్టలు ఉతకాలి. చర్మవైద్యులు చెప్పే నియమాలు సరళమైనవే. బాధపెట్టే పదార్థానికి దూరంగా ఉండాలి. గోరువెచ్చని నీరు వాడాలి. సబ్బు తగ్గించాలి. చేతులు కడిగిన వెంటనే తడి ఆరీ ఆరకముందే జిడ్డులేపనం రాయాలి. తడిపనిలో లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వాడాలి. మంట హెచ్చినప్పుడు వైద్యుని పర్యవేక్షణలో పరిమితకాలం స్టెరాయిడ్ లేపనం వాడాలి. వీటిలో మొదటి నియమం పని మానమని చెబుతుంది. తక్కినవి ఇంటిపనిని మరొకరికి అప్పగించమని కోరుతున్నాయి. ఎగ్జిమా నిర్వహణ వైద్యసమస్యగా మొదలై ఇంట్లోని శ్రమవిభజన సమస్యగా ముగియడం ఇక్కడ స్పష్టమవుతుంది.

‘చేతికి అలవాటయిపోతుంది’ అనే మాట ఈ తరహా పనులన్నిటా వినిపించేదే. అందులో కొంత నిజం ఉంది. జీడిసొన పరిశ్రమలో పనిచేసిన కొందరిలో ఆ కుటుంబపు సొనలకు ప్రతిస్పందన తగ్గినట్లు వైద్యసాహిత్యం నమోదు చేసింది. కాని బట్టీలో కనిపించేవారు తట్టుకొన్నవారు మాత్రమే. తట్టుకోలేనివారు ముందే పని మానేసి ఉంటారు. అలవాటు అనే మాట వెనుక లెక్కలోకి రాని నిష్క్రమణలు ఉంటాయని చరిత్రకారులు గుర్తించాలి.

6. ఎవరి చర్మం నమోదైంది?

వృత్తిని అడగకుండా వ్యాధిని తెలుసుకోలేమని 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని తన గ్రంథంలో ప్రతిపాదించాడు. క్షారజలంతో చేతులు పగిలిన చాకలి స్త్రీలను గురించీ అందులో రాశాడు. ఆ దృష్టి ప్రపంచమంతటా సమానంగా ప్రసరించలేదు. రెండు ఉదాహరణలు ఇందుకు చాలు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో భారతదేశంలో ఉన్న అమెరికా సైనికులకు మెడ, నడుము వంటి చోట్ల విచిత్రమైన పొక్కులు వచ్చాయి. చాకలివారు బట్టలపై పెట్టిన నల్లజీడి గుర్తులే వాటికి కారణమని తేలింది. ‘ధోబీ గుర్తు చర్మశోథ’ పేరుతో ఇది 1943లో అమెరికా వైద్యసంఘ పత్రికకు ఎక్కింది. రెండవది 1982 ఏప్రిల్ నాటిది. పెన్సిల్వేనియాలో మొజాంబిక్ నుండి దిగుమతి అయిన జీడిపప్పు తిన్న 54 మందికి దద్దుర్లు వచ్చాయి. పప్పులో పెంకు ముక్కలు కలిసిపోయాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ దర్యాప్తు జరిపి నివేదికను ప్రకటించింది.

గుర్తు ఉన్న చొక్కా తొడుక్కొన్నవారి చర్మం వైద్యచరిత్రలో చేరింది. ఆ గుర్తు పెట్టిన చాకలి చేయి అంతగా చేరలేదు. పెంకు ముక్క పొరపాటున తిన్నవారి సంఖ్య అంకెతో సహా నిలిచింది. ఆ పెంకులను రోజూ పగలగొట్టినవారి సంఖ్యకు అటువంటి నమోదు దక్కలేదు. వ్యాధి ఒకటే, సొన కుటుంబం ఒకటే. అసాధారణ సంఘటనగా వచ్చినప్పుడు అది దర్యాప్తు విషయం. దినచర్యగా వచ్చినప్పుడు అది పనిలో భాగం.

ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి అనుభవం ఇక్కడ పోలికగా నిలుస్తుంది. దశాబ్దాల ఆందోళన, పరిశోధనల తరువాత 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ రెండు వ్యాధులకూ వైద్యపరంగా ఒక ముడి ఉంది. మూత్రపిండ వ్యాధి ముదిరినవారిలో చర్మం పొడిబారడం, తీవ్రమైన దురద సాధారణం. అందువల్ల ఉద్దానంలో దురదతో వచ్చిన వ్యక్తిని ‘ఏం పని చేస్తారు’ అని అడగడంతోపాటు మూత్రపిండాల పరీక్ష గురించీ ఆలోచించవలసి ఉంటుంది. ఒక ప్రశ్న అడిగి రెండోది మరిస్తే రోగనిర్ధారణ సగంలో ఆగుతుంది.

7. చట్టం, ఔషధం, వేలిముద్ర

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని మూడవ షెడ్యూలు తెలియజేయవలసిన వ్యాధుల జాబితా. రసాయనాల ప్రత్యక్ష స్పర్శ వలన కలిగే వృత్తి చర్మశోథ అందులో ఉండేది. 89వ సెక్షను ప్రకారం అటువంటి వ్యాధిని గుర్తిస్తే యాజమాన్యమూ, చికిత్స చేసిన వైద్యుడూ అధికారులకు తెలపవలసి ఉండేది. అయితే ఆ చట్టం కింద విద్యుత్తు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివారు ఉంటేనే అది ఫ్యాక్టరీగా లెక్కకు వచ్చేది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. చిన్న బట్టీ, ఇంటికి తెచ్చుకొన్న పొట్టు ఒలుపు ఈ గీతకు అవతలే మిగులుతాయి. పైగా, పనివారు తమ వ్యాధిని ‘తామర’ అని చెప్పి మందుల దుకాణంలో లేపనం కొనుక్కుంటే ఆ వ్యాధి వృత్తి వ్యాధిగా ఎన్నడూ నమోదు కాదు.

ఆ లేపనం కథ వేరే ఉంది. స్టెరాయిడ్, శిలీంధ్రనాశిని, యాంటీబయోటిక్ కలిపిన మిశ్రమాలు భారతదేశంలో విచ్చలవిడిగా అమ్ముడుపోయాయి. స్టెరాయిడ్ దురదను వెంటనే తగ్గిస్తుంది గనుక మందు పనిచేసినట్లు కనిపిస్తుంది. వైద్యుని సలహా లేకుండా ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడుతుంది. అసలు తామర అయితే మరింత వ్యాపిస్తుంది. చర్మవైద్యుల ఒత్తిడి తరువాత 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఒక పూట కూలి పోగొట్టుకొని వైద్యుని వద్దకు వెళ్లగలవారికే ఈ నిబంధన పూర్తిగా ఉపయోగపడుతుంది.

ఇటీవలి కాలంలో చర్మానికి మరో బాధ్యత వచ్చిపడింది. ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాల్లో 2015 నుండి వేలిముద్ర ఆధారంగా సరుకులిచ్చే యంత్రాలు వచ్చాయి. చేతుల ఎగ్జిమా వేలిముద్రల గీతలను చెరిపేయగలదని వైద్యపరిశోధనలు నిరూపించాయి. కంటిపాప గుర్తింపు వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నా, వాటిని అడిగే భారం రోగిదే. పనిలో అరిగిన వేలు పనివారి ఉనికినే ప్రశ్నార్థకం చేసే స్థితి ఏర్పడింది. ఎగ్జిమా ఇంతకుముందు దురద, కూలి సమస్య. ఇప్పుడది పౌరహక్కుల సమస్యగానూ మారింది.

8. ముగింపు

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. కూలిన చెట్లను లెక్కించారు, పరిహారం నిర్ణయించారు. చెట్టు నష్టం లెక్కకు అందుతుంది. చేతి చర్మపు నష్టానికి అటువంటి లెక్క లేదు. ఈ పరిశీలన వలన కింది అంశాలు తేలుతున్నాయి.

- ‘జీడిమామిడి’ అనే పేరు సొన స్వభావాన్ని గురించిన పాత అనుభవజ్ఞానానికి సాక్ష్యం. ‘కుష్ఠు’, ‘తామర’ అనే పేర్ల అర్థపరిణామం వ్యాధిని దాచడానికి, పొరపాటు చికిత్సకు కారణమవుతోంది.

- డొంకూరు తీరపు ఉప్పుతడి వ్యాధి, పలాస జీడిసొన వ్యాధి వేర్వేరు రకాలు. వాటి సంరక్షణా వేర్వేరుగా ఉండాలి. రెండూ కలిసిన చేతులకు ప్రమాదం ఎక్కువ.

- బూడిద, నూనె, గుడ్డ అనేవి పనివారి స్త్రీలు నిలబెట్టిన రక్షణవ్యవస్థ. వాటిలో నూనె మేలు చేస్తుంది. బూడిద, మార్చని గుడ్డ కొంత కీడు చేస్తాయి.

- తూకం కూలి ఉన్నంతకాలం చేతితొడుగుల పంపిణీ ఒక్కటే ఫలితమివ్వదు. తొడుగు వలన తగ్గే వేగాన్ని కూలి లెక్కలో చేర్చాలి.

- పలాసలో ఇప్పుడు ఉన్న వైద్యసదుపాయాలలో దురదతో వచ్చినవారి వృత్తిని నమోదుచేసే ఒక గడి ఉంటే చాలు, భావి చరిత్రకారులకు ఇప్పుడు లేని ఆధారం అప్పుడు ఉంటుంది.

దీర్ఘవ్యాధి చరిత్ర అంటే మందుల చరిత్ర మాత్రమే కాదు. రాత్రి కొబ్బరినూనె రాసుకొని, తెల్లవారి మళ్లీ బూడిద అద్దుకొన్న చేతుల చరిత్ర కూడా. ఆ చేతులు ఏరిన గుండ్లకు అంకెలున్నాయి, రకాలున్నాయి, ధరలున్నాయి. వాటిని ఏరిన చేతులకు కూడా లెక్కలో చోటు కల్పించడం ప్రాంతీయ చరిత్ర రచన ముందున్న పని.